కోనసీమలో నగదు సహాయము, నిలువ నీడ: ముప్పది యేండ్ల పరిశీలన

ప్రభుత్వము పేదల చేతికిచ్చు రొక్కము పెరిగినప్పుడు ఇల్లు లేనివారి కష్టము కూడ తగ్గుతుందా? 2022లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన కోనసీమలో, అనగా అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో, ఈ ప్రశ్నను పరిశీలించుట మా ఉద్దేశము.

1. ఆరంభము

1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను పథకము మొదలైనది. 65 ఏండ్లు దాటిన నిరుపేదలకు కేంద్రము నెలకు 75 రూపాయలు కేటాయించినది. 1996 జనవరి 1 నుండి ఇందిరా ఆవాస్ యోజన స్వతంత్ర పథకమైనది. అదే సంవత్సరము నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. తాటాకు ఇళ్ళతో పాటు కొబ్బరి తోటలు కూడ నేలకూలినవి. కూలివారికి ఇల్లు, పని ఒక్క రాత్రిలోనే పోయినవి.

2. పింఛను

రాష్ట్రములో పింఛను 2006లో 200, 2014 అక్టోబరులో 1,000, 2019 ఆరంభములో 2,000, 2024 జనవరిలో 3,000, అదే యేడు జూలైలో 4,000 రూపాయలైనది. ఇది చిన్న మార్పు కాదు. మందులకు కొడుకును అడుగవలసిన తల్లి ఇప్పుడు మనుమని చేతిలో పది రూపాయలు పెట్టగలుగుచున్నది.

3. ఇల్లు

పింఛను మనిషిని చూచి వస్తుంది. ఇంటి సహాయము స్థలమును చూచి వస్తుంది. కాలువ గట్టున గుడిసె వేసికొన్నవారికి పింఛను ఆ గుడిసె గుమ్మమునకే అందవచ్చును. కాని ఆ గట్టుకు పట్టా లేదు. 2020 డిసెంబరు 25న రాష్ట్రములో స్త్రీల పేరిట ఇళ్ళ పట్టాల పంపిణీ ఆరంభమైనది. గ్రామములలో సెంటున్నర స్థలము, నిర్మాణమునకు 1,80,000 రూపాయలు నిర్ణయించారు. అయితే వరిచేలు, కొబ్బరితోటలు నిండిన ఈ సీమలో మెరక స్థలము దొరకుట అరుదు. పల్లపు స్థలమైతే మట్టి తోలించనిదే పునాది లేవదు.

లంక గ్రామముల స్థితి మరింత కఠినము. 2022 జూలై వరదలో ముంపునకు గురియైన కుటుంబములకు 2,000 రూపాయల సహాయము ప్రకటించారు. అది కొన్ని దినముల వంటకు సాయము. ఏరు కోసికొనిపోయిన నేలను అది తిరిగి తేలేదు.

4. లెక్కకు రానివారు

2011 జనాభా లెక్కలలో రోడ్డు ప్రక్కన, మెట్ల క్రింద, గుడి మండపములలో ఆరుబయట ఉండువారినే ఇల్లు లేనివారిగా వ్రాసికొన్నారు. గట్టుమీది గుడిసె ఆ లెక్కలో ఇల్లే. కనుక కోనసీమలో నిరాశ్రయత వీధిలో కంటె పట్టా లేని గుడిసెలోనే ఎక్కువగా దాగియున్నదని మా అభిప్రాయము.

ముగింపు

నగదు ఆకలిని తగ్గించినది, వృద్ధుల గౌరవమును పెంచినది; నేలను మాత్రము ఇవ్వలేదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో అనుదిన పంపకమందు విధవరాండ్రు విడువబడకుండునట్లు ఏడుగురిని ఏర్పరచిరి. అట్టి జాగ్రత్త నేటి కాపరులకును తగును. ఒక విధవరాలి ఇంటికి వెళ్ళినప్పుడు పింఛను వచ్చినదా అని అడుగుటతో ఆగక, ఆ ఇంటి క్రింది నేల ఎవరి పేరున ఉన్నదో కూడ విచారించవలసియున్నది.