మణికట్టు - ఎముకల కట్టు

లకడీ అనగా కొయ్య. పుల్ అనగా వంతెన. ఆ కొయ్యవంతెన పేరు నిలుపుకొన్న లక్డీకాపూల్ నుండి పంజగుట్టకు పోవు దారిలో మన ఎముకల వైద్యచరిత్ర కొంత ఇమిడియున్నది.

కీలు తప్పుటను సుశ్రుత సంహిత ఆరు విధములుగా విభజించినది. అయినను మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలలో ఏది జారినదో తెలియుటకు చిరకాలము వ్రేలి స్పర్శయే ఆధారము. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనెను. ఆయన తీసిన తొలి చిత్రములలో ఒకటి తన భార్య హస్తమే!

చాచిన చేతిపై పడినప్పుడు నెలవంక వంటి నడిమి ఎముక అరచేతి వైపు దొర్లవచ్చును. అచటి నరమును నొక్కి వ్రేళ్ళకు తిమ్మిరి కలిగించును. ఎదుటి నుండి తీసిన చిత్రమున ఇది కంటబడకపోవచ్చును. ప్రక్క నుండి తీసినచో ఒరిగిన గిన్నెవలె తోచును.

ఎముకల కట్టుకు పుత్తూరు మన నాట ప్రసిద్ధము. 1960 దశకమున నిజాం ధర్మనిధితో పంజగుట్టలో ఎముకల ఆసుపత్రి వెలసినది. అదియే నేటి నిమ్స్. ఎవరు కట్టినను, ఎముక స్వస్థానము చేరిన పిమ్మటనే కట్టు ఫలించును. బెణుకని తలచి వారములు గడపినచో దానిని చోటు చేర్చుట కష్టము. కావున శ్రోతలారా, పడిన చేతి వ్రేళ్ళు తిమ్మిరెక్కినచో ఆనాడే వైద్యునికి చూపుడు.