ఆకుపచ్చ దేవత: ఒక చిట్టి పొగబండి చరిత్ర

రైలుమార్గం పక్కన పుట్టి పెరిగినవారికి ఇంజను అనగానే భారీ ఆకారమే మనసులో మెదలుతుంది. మా కొడవలూరు మద్రాసు–కలకత్తా ప్రధాన మార్గం మీద ఉన్న ఊరు. ఇక్కడ రెండు పట్టాల నడుమ ఎడము 1676 మిల్లీమీటర్లు. అందులో నాలుగోవంతు కూడా లేని 381 మిల్లీమీటర్ల ఎడము మీద, అంటే పదిహేను అంగుళాల మీద, బొగ్గు తిని నీళ్ళు తాగి జనాన్ని మోసుకుపోయే రైలింజను ఒకటున్నది. దాని పేరు గ్రీన్ గాడెస్. తెలుగులో ఆకుపచ్చ దేవత అందాం.

ఆ ఇంజను ఒక సంపన్నుడి సరదాగా మొదలయింది. కౌంట్ లూయీ జ్బొరౌస్కీ, కెప్టెన్ హోవీ ఇద్దరూ మోటారు పందాల వీరులు. తమకంటూ ఒక చిన్న రైలుమార్గం ఉండాలని వారి కోరిక. హెన్రీ గ్రీన్లీ అనే ఇంజనీరు నమూనా గీశాడు. నైజెల్ గ్రెస్లీ రూపొందించిన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ వంటి మహాయంత్రాలను మూడోవంతుకు కుదించిన రూపమది. ముందు నాలుగు, నడుమ ఆరు, వెనుక రెండు చక్రాలు. కోల్చెస్టరులోని డేవీ పాక్స్‌మన్ కర్మాగారానికి జ్బొరౌస్కీ రెండు ఇంజన్లు పురమాయించాడు. అవి పూర్తికాకమునుపే, 1924 అక్టోబరు 19న ఇటలీలోని మోంజా పందెంలో కారు ప్రమాదానికి బలయ్యాడు. మిత్రుడి కోరికను హోవీ తలకెత్తుకున్నాడు. 1925లో ఆకుపచ్చ దేవత సిద్ధమైంది.

పేరు వెనుక ఉన్న కథ మనవాళ్ళు తెలుసుకోదగినది. విలియం ఆర్చర్ రాసిన ఒక నాటకం హోవీకి నచ్చింది. అందులో హిమాలయాల్లో లేని రాజ్యమొకటి, దానికొక క్రూరుడైన రాజు, ఆంగ్ల బందీలను బలి కోరే ఆకుపచ్చ దేవత. మన దేశాన్ని గురించి ఆనాటి లండను రంగస్థలం అల్లుకున్న ఊహ అది. ఆ ఊహే ఇంజను నుదుట పేరుగా అతుక్కుంది. నాటకాన్ని తలచుకునేవారు నేడు అరుదు. పేరు మాత్రం పట్టాల మీద తిరుగుతూనే ఉన్నది.

ఇంజన్లు ముందు వచ్చాయి, మార్గం తరువాత వచ్చింది. స్థలం కోసం వెదకి వెదకి కెంటు తీరంలోని రామ్నీ మార్ష్‌ను ఎంచుకున్నారు. అది బల్లపరుపు నేల, గాలి హోరు, గొర్రెల మందలు. నెల్లూరు గొర్రె మన జిల్లా పేరును మోస్తున్నట్టే, రామ్నీ గొర్రె ఆ సీమ పేరును మోస్తున్నది. 1927 జూలై 16న హైత్ నుండి న్యూ రామ్నీకి బండి నడిచింది. మరుసటేడు డంజనెస్ దాకా సాగి, మొత్తం పదమూడున్నర మైళ్ళయింది.

రెండవ ప్రపంచయుద్ధంలో సైన్యం ఈ మార్గాన్ని స్వాధీనం చేసుకుంది. హెర్క్యులీస్ అనే తోటి ఇంజనుకు ఉక్కు కవచం తొడిగి, తుపాకుల బండిని లాగించారు. 1947లో డంజనెస్ భాగాన్ని మళ్ళీ తెరవడానికి హాస్యనటులు లారెల్, హార్డీ వచ్చారు. 1963లో హోవీ కన్నుమూశాక నష్టాలు చుట్టుముట్టాయి. 1970ల తొలినాళ్ళలో విలియం మెకాల్పైన్ బృందం ఆదుకోకపోతే పట్టాలు తుక్కుగా మిగిలేవి. అటుపిమ్మట 1977 నుండి 2015 వరకు ఈ చిట్టిబండి బడిపిల్లలను రోజూ బడికి చేర్చింది. నా దృష్టిలో ఆకుపచ్చ దేవత సోదరబృందానికి దక్కిన గొప్ప గౌరవం ఇదే. ధనవంతుడి ఆటవస్తువు ఊరి అవసరంగా మారింది. అవసరమైనదాన్ని ఊరు కాపాడుకుంది.

మన వైపు చూద్దాం. నౌపడా నుండి పర్లాకిమిడికి అక్కడి రాజావారు వేయించిన చిన్నరైలు 1900లో మొదలై, 2004లో ఆగింది. దాని చోట బ్రాడ్‌గేజి వచ్చింది. అది జనానికి మేలే. మా జిల్లాలోనే బిట్రగుంట లోకోషెడ్డులో పెద్దపెద్ద ఆవిరి ఇంజన్లు బారులు తీరిన కాలమూ గడిచిపోయింది. మార్పును నేను తప్పుపట్టను. కాని ఆ బొగ్గు పొగలో బతుకులు గడిపిన డ్రైవర్లు, ఫైర్‌మన్లు, షెడ్డు పనివారు చెప్పిన కబుర్లు ఏమయ్యాయి?

మిత్రులలో ఎవరి ఇంట్లోనైనా అటువంటి తాతగారుంటే, దయచేసి ఆయన మాటలు తెలుగులో రాసి ఉంచండి. ఇంజను పోయినా కథ మిగలాలి.