ఎలుగుబంటికి ఏ తూటా? అటక మీద తాతగారి తుపాకి ఉన్న ఇళ్లకు కొన్ని వివరాలు

పోయిన ఉగాది కూటమి అయ్యాక ఆకులు ఎత్తుతుండగా అంచెట్టి దారిలోని ఒక పల్లె కుర్రాడు నన్ను పక్కకు పిలిచాడు. "సెక్రటరీ మామా, మా తాత తుపాకి అటక మీదుంది. తోటలోకి రాత్రిపూట ఎలుగు వస్తోంది. దానికి ఏ తూటా అయితే పడుతుంది? అమెరికాలో ఉన్న మా చిన్నాన్న కొడుకు ఏదో థర్టీ ఆట్ సిక్స్ అంటున్నాడు" అన్నాడు. ఏ తూటా వద్దు నాయనా అన్నాను. వాడికి ఆ జవాబు నచ్చలేదు. ఇద్దరు పెద్దలు కూడా, "అట్లా కొట్టిపారేస్తే ఎట్లా, తెలిసింది చెప్పవయ్యా" అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను వేటగాణ్ణి కాను, ఒక్క గుండు పేల్చి ఎరుగను. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఆయుధ లైసెన్సుల రిజిస్టర్లు చాలా ఏళ్లు నా బల్ల మీదనే ఉండేవి. పాత వేట పుస్తకాలు చదివే పిచ్చి మాత్రం చిన్ననాటి నుంచీ ఉంది.

తూటా లెక్క ఎట్లా చూస్తారు?

రైఫిలుకు .375, .405, .470 అని రాస్తారు. అది గొట్టం లోపలి వెడల్పును కానీ గుండు వెడల్పును కానీ అంగుళంలో వంతులుగా చెప్పే పద్ధతి. గుండు బరువు గ్రెయిన్లలో ఉంటుంది. 7000 గ్రెయిన్లు ఒక పౌను. మన తులం లెక్కలో 300 గ్రెయిన్ల గుండు అంటే తులమున్నర పైన, సుమారు పంతొమ్మిదిన్నర గ్రాములు. పన్నెండు బోరు తుపాకి లెక్క వేరు. పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కోటి పట్టే గొట్టం పన్నెండు బోరు. అంటే పెద్ద గుండు దాదాపు మూడు తులాలు తూగుతుంది. బరువు ఉంది గాని వేగం తక్కువ. గొట్టంలో మర లేని తుపాకి గనుక దూరం పోతే గురి నిలవదు.

పాత వేటగాళ్లు పెద్ద జంతువుకు వెడల్పైన, బరువైన, గట్టి గుండు కావాలనేవారు. వేగం ఎక్కువగా ఉండి గుండు తేలికైతే అది పైపైన చితికిపోయి లోపలికి దిగదని వాళ్ల భయం. .375 హాలండ్ అండ్ హాలండ్ 1912లో వచ్చింది. 300 గ్రెయిన్ల గుండు, సెకనుకు సుమారు 770 మీటర్ల వేగం. ఈనాటికీ ప్రపంచంలో పెద్ద ఎలుగులకు చాలామంది చెప్పేది దాన్నే. 1958 నాటి .338 వించెస్టర్ మ్యాగ్నం రెండో పేరు. కుర్రాడి అన్న చెప్పిన .30-06 కూడా అబద్ధం కాదు. 1906 నుంచీ ఉన్న తూటా అది. 220 గ్రెయిన్ల బరువు గుండు వేసుకుని అలాస్కాలో గోధుమరంగు ఎలుగుల అడవుల్లో తిరిగేవాళ్లు ఉన్నారు. కాని అక్కడ మగ ఎలుగు మూడు నాలుగు వందల కిలోలు తూగవచ్చు, వేటకు ప్రభుత్వం లైసెన్సు, ట్యాగు ఇస్తుంది. మన ఎలుగు వేరు, మన చట్టం వేరు.

మన దేశంలో తూటాల కథలో ఒక తమాషా ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిషు ప్రభుత్వం తిరుగుబాటుదారుల చేతికి సైన్యపు మందుగుండు పోతుందని .303, .450 సైజు రైఫిళ్లను ఇక్కడి జనానికి నిషేధించింది. ఇంగ్లండు తుపాకి కంపెనీలు ఊరుకుంటాయా? .450ని కాస్త అటూ ఇటూ జరిపి .465, .470, .475 అని కొత్త సైజులు తెచ్చాయి. ఇండియా వేట రైఫిళ్లకు ఆ వింత అంకెలు వచ్చింది అందుకే. సైన్యపు సైజును జనానికి ఇవ్వకూడదనే ఆ ఆలోచన ఇప్పటికీ చట్టంలో ఉంది. .303ను నిషిద్ధ బోరు అంటారు. మామూలు లైసెన్సు మీద దొరికే రైఫిలు మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీ చేసే .315. అదీ ఆత్మరక్షణ వంటి కారణాలు చూపిస్తేనే. వేట అనే కారణం ఈ రోజుల్లో ఏ ఫైలులోనూ నిలవదు.

మన అడవిలో ఆ రైఫిలు

మన ప్రాంతం గురించి ఈ సంగతి మాట్లాడితే కెన్నెత్ ఆండర్సన్ పేరు ఎత్తక తప్పదు. బెంగళూరు మనిషి, 1910లో పుట్టి 1974లో పోయాడు. జవళగిరి, డెంకణికోట, అంచెట్టి, గుల్లట్టి ఆయన పుస్తకాల నిండా ఉంటాయి. 1954లో వచ్చిన మొదటి పుస్తకంలోనే జవళగిరి ఆడపులి కథ ఉంది. 1959 నాటి పుస్తకానికి పేరే మన పక్కనున్న శివనపల్లి నల్ల చిరుత మీద పెట్టాడు. ఆయన చేతిలో ఎక్కువగా ఉన్నది .405 వించెస్టర్, 1895 మోడల్. తూటా 1904లో వచ్చింది. 300 గ్రెయిన్ల గుండు, సెకనుకు సుమారు 670 మీటర్ల వేగం. అమెరికా అధ్యక్షుడుగా చేసిన రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు పట్టుకెళ్లిందీ ఇటువంటిదే. కింద ఉన్న మీట లాగి తోస్తే తర్వాతి తూటా గొట్టంలోకి వస్తుంది. దగ్గరి నుంచి మీదికి దూకే జంతువుకు రెండో గుండు తొందరగా దొరకడం పెద్ద సుగుణం.

ఎలుగు గురించి ఆయన రాసిన పెద్ద కథ మాత్రం మన దగ్గరిది కాదు, మైసూరు సీమలో అరసీకెరె వైపు నాగవార గుట్టలది. ఒకే ఎలుగు పన్నెండు మందిని చంపి రెండు డజన్ల మందిని చీల్చిందని ఆయన లెక్క. చివరికి ఆయనే దాన్ని కాల్చాడు. నాకు ఆ కథలో గుర్తుండిపోయింది రైఫిలు కాదు, ముఖాలు చెక్కుకుపోయిన మనుషులు. ఎలుగు తలనూ ముఖాన్నీ పట్టుకుంటుంది. పులి దెబ్బ తిన్నవాడు తరచు బతకడు. ఎలుగు దెబ్బ తిన్నవాడు తరచు బతుకుతాడు, ఆ ముఖంతో.

నేను చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊరిలో అటువంటి ఒకాయనను చూశాను. నాకు మామ వరస. ఒక కన్ను, సగం ముక్కు లేవు. నలుగురిలోకి వస్తే తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. మేము భయపడి పారిపోయేవాళ్లం, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన ఎలుగు జోలికి పోలేదు. తెల్లవారుజామున చింతపండు రాలిందేమో చూద్దామని వంక దాటాడు, అంతే. ముందు రోజు రాత్రి ఎవరో పంది అనుకుని నాటు తుపాకితో పేల్చారు. తగిలింది ఎలుగుకు. తొడలో గుళ్లు దిగిన ఆ ఎలుగు పొదలో పడి ఉంది. పేల్చినవాడు ఇంట్లో పడుకున్నాడు, ముఖం పోయింది మా మామకు.

నేను చెప్పదలచింది ఇదే. అటక మీది తుపాకి ఎలుగును ఆపే తుపాకి కాదు, ఎలుగును గాయపరిచే తుపాకి. రిజిస్టరులో మనవాళ్ల పేర్ల ఎదుట ఎక్కువగా ఉండేవి మూడు గుర్తులు. ఎస్.బి.ఎమ్.ఎల్. అంటే మూతి నుంచి మందు కూరే ఒంటి గొట్టం. ఎస్.బి.బి.ఎల్., డి.బి.బి.ఎల్. అంటే వెనుక నుంచి తూటా పెట్టే ఒంటి గొట్టం, జంట గొట్టం. మొదటి రకంలో ఒక్క దెబ్బ పేల్చాక మళ్లీ మందు కూరి, గుడ్డ కుక్కి సిద్ధం చేసేలోపు ఎలుగు రెండుసార్లు వచ్చి పోతుంది. అందులో వేసే సీసపు గుళ్లు ఎలుగు దట్టమైన జుట్టు, తోలు, కొవ్వు దాటి లోతుకు పోవు. పైగా ఆ జుట్టు వల్ల జంతువు ఉన్నదానికన్నా ఎంతో పెద్దదిగా కనిపిస్తుంది. గొంగళి కప్పుకున్న మనిషి లాగ. చీకట్లో ఆ ఆకారం మీద పేలిస్తే సగం జుట్టుకే తగులుతుంది. మన మగ ఎలుగు ఎనభై నుంచి నూట నలభై అయిదు కిలోల దాకా, ఆడది ఇంకా తక్కువ. ఆండర్సన్ .405 దానికి చాలినదే. కాని ఆ రైఫిలు వెనుక ఏళ్ల అలవాటు ఉంది. దెబ్బ తిన్న జంతువును వెతికి ముగించడం తన బాధ్యత అనే నియమం ఉంది. పంది గుళ్లతో పేల్చి ఇంటికొచ్చి పడుకునేవాడి దగ్గర ఆ రెండూ లేవు.

చట్టం ఏమంటుంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఎలుగుబంటి మొదటి షెడ్యూలు జంతువు. వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. మనిషి ప్రాణానికి ప్రమాదంగా మారిన ఎలుగును చంపడానికి అనుమతి ఇవ్వగలిగింది రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ఒక్కరే. పట్టడం, మత్తు ఇవ్వడం, వేరే చోటికి తరలించడం కుదరదని తేలితేనే అదీ. కలెక్టరు గారు కూడా ఇవ్వలేరు. మొదటి షెడ్యూలు జంతువు పంట తిన్నదన్నది చంపడానికి కారణం కాదు.

ప్రాణరక్షణ కోసం మంచి ఉద్దేశంతో గాయపరిచినా చంపినా నేరం కాదని 11వ సెక్షను చెబుతుంది. దీన్ని చాలామంది సగమే వింటారు. ఆ సమయంలో మనం ఈ చట్టానికి గాని దీని నియమాలకు గాని విరుద్ధమైన పని చేస్తూ ఉంటే ఆ రక్షణ వర్తించదు. అనుమతి లేకుండా తుపాకితో అభయారణ్యంలో ఉన్నవాడు ఆత్మరక్షణ అంటే చెల్లదు.

మన డెంకణికోట వాళ్లకు ఇంకొక సంగతి ఉంది. 2014లో మన అడవుల్లో 504 చదరపు కిలోమీటర్లు కావేరి ఉత్తర అభయారణ్యం అయింది. 2022లో దక్షిణాన ఇంకొక 686 చదరపు కిలోమీటర్లు కావేరి దక్షిణ అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యంలోకి ఏ ఆయుధంతో పోవాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి. లోపలా, చుట్టూ పది కిలోమీటర్లలోనూ ఉండే లైసెన్సుదారులు తమ పేరు అటవీ శాఖలో నమోదు చేసుకోవాలని 34వ సెక్షను. అటవీ శాఖ ఒప్పుకోకుండా ఆ పరిధిలో కొత్త లైసెన్సు రాదు. మనవాళ్లలో చాలామందికి ఈ నమోదు సంగతే తెలియదు.

అటక మీద ఉన్నదాన్ని ఏం చేయాలి?

తాత పోయి పదేళ్లయింది, లైసెన్సు ఆయన పేరుతోనే ఉంది, తుపాకి ఇంట్లోనే ఉంది. ఇది మన ఇళ్లలో మామూలు కథ. ఆయుధ చట్టం, 1959 కంటికి ఇది లైసెన్సు లేని ఆయుధమే. 2019 సవరణ తర్వాత దీనికి రెండు నుంచి అయిదేళ్ల శిక్ష ఉంది. "మేం వాడలేదు సారూ" అంటే లాభం లేదు. దగ్గర ఉండడమే నేరం.

ముందు తుపాకిని పోలీసు స్టేషనులో గాని లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గాని అప్పగించి రసీదు తీసుకోవాలి. రసీదులో తుపాకి నంబరు, లైసెన్సు నంబరు రెండూ పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి. నేను చూసిన తగాదాల్లో సగం ఈ నంబరు తప్పు వల్లనే. తర్వాత వారసుడు తన పేర లైసెన్సు కావాలంటే మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం పెట్టి అర్జీ ఇవ్వాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారు బతికి ఉండగానే, ఆయనకు డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకి ఇరవై అయిదేళ్లు ఆయన దగ్గర ఉన్నా వారసుడికి బదిలీ కోరవచ్చు. తాతలు బతికి ఉండగానే ఈ పని చేసుకుంటే పిల్లలకు తిరుగుడు తప్పుతుంది. ఇప్పుడు లైసెన్సు అయిదేళ్లకోసారి పునరుద్ధరించాలి, ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించకూడదు. లైసెన్సే ఎన్నడూ లేని నాటు తుపాకి ఉన్నవాళ్లు దాన్ని దాచుకోవద్దు, బావిలో పారేయవద్దు. వకీలును గాని ఊరి పెద్దను గాని వెంటబెట్టుకుని వెళ్లి అప్పగించండి.

మరి తోటలోకి వచ్చే ఎలుగు?

అది వచ్చేది మన కోసం కాదు. పనస, మామిడి, నేరేడు, తేనె, చెదపుట్ట, వీటి కోసం. పండిన కాయ చెట్టు కింద రాలి కుళ్లనీయకుండా సాయంత్రానికే ఏరేయండి. ఇంటికీ తోటకూ మధ్య ఉన్న లంటానా పొద కొట్టేయండి. వంటింటి చెత్త దూరంగా పూడ్చండి. ఎలుగుకు చూపు, వినికిడి అంత బాగుండవు, ముక్కు మాత్రం గట్టిది. పుట్ట తవ్వుతూ ఊదుతూ ఉంటే మనం పక్కకు వచ్చేదాకా తెలుసుకోదు. తెలిసిన క్షణంలో బెదిరి మీదికి వస్తుంది. అందుకే తెల్లవారుజామున, చీకటి పడ్డాక ఒంటరిగా పోవద్దు. ఇద్దరు ముగ్గురు గట్టిగా మాట్లాడుకుంటూ, కర్ర తట్టుకుంటూ, టార్చి వేసుకుంటూ పొండి. సెల్‌ఫోనులో పాట పెట్టుకుని చెవిలో దూర్చుకుంటే ఎలుగుకు మీరు వినపడరు, మీకు ఎలుగు వినపడదు. వీపు మీద పిల్లలున్న తల్లి కనపడితే వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రండి. పరుగెత్తవద్దు. చెట్టు ఎక్కినా లాభం లేదు, అదీ ఎక్కుతుంది. మీదికి వచ్చేసిందంటే బోర్లా పడుకుని రెండు చేతులూ మెడ వెనుక కట్టుకుని ముఖం నేలకు ఆనించండి. ముఖం, మెడ దక్కితే మిగతాది ఆసుపత్రిలో కుట్టుకోవచ్చు.

దెబ్బ తగిలినా, పంట పోయినా వెంటనే రేంజరు ఆఫీసులో రాసివ్వండి. ఫోటోలు తీయండి, వి.ఏ.ఓ. దగ్గర ధ్రువపత్రం తీసుకోండి. ఆలస్యమైతే పరిహారం ఫైలు కదలదు. రాత్రిపూట అడవిలో తుపాకి చప్పుడు వినిపించినా చెప్పండి. మరునాడు ఆ దారిన చింతపండుకు పోయేది మన ఇంటి ఆడవాళ్లే కావచ్చు.

వారసత్వ బదిలీకీ, 34వ సెక్షను నమోదుకూ అర్జీ నమూనాలు తమిళంలో రాసి సంఘం ఆఫీసులో పెట్టాను, పక్కనే తెలుగులో అర్థం కూడా ఉంది. కావలసినవారు ఆదివారం పొద్దున పది గంటలకు రండి. పాత లైసెన్సు పుస్తకం, ఆధార్ నకలు తెచ్చుకోండి. తుపాకి మాత్రం తేవద్దు.