ఎగ్మూరు గోడల్లో అమరావతి

విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కి చెన్నై వెళ్లే కాలేజీ పిల్లలు ముందే రాసిపెట్టుకునే పేర్లు కొన్నుంటాయి: మెరీనా, మహాబలిపురం, టీ నగర్. మ్యూజియం అంటే ముఖం చిట్లిస్తారు. కోటలోని మ్యూజియంలో 1947 ఆగస్టు 15న అక్కడే ఎగరేసిన జాతీయ జెండాను చూసొచ్చేవాళ్లు కొందరున్నారు, సంతోషం. గుంటూరు, పల్నాడు పిల్లలు మాత్రం తప్పక చూడాల్సింది ఎగ్మూరు పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియం. వాళ్ల పక్క ఊరి మహాస్తూపంలో పెద్ద వాటా అక్కడే ఉంది.

1851లో ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే వైద్యుడి చేతుల మీదుగా మొదలైన మ్యూజియం అది. మూడేళ్లకు ఇప్పుడున్న చోటికి మారింది. తొలిరోజుల్లో అక్కడ బతికున్న జంతువుల్నీ పెంచారు. వాటిని వేరే చోటికి తరలించాక మద్రాసు జనం జంతుశాలను ‘ప్రాణమున్న కాలేజీ’ అనీ, దీన్ని ‘చచ్చిన కాలేజీ’ అనీ పిలుచుకున్నారు.

అమరావతి రాళ్లు అక్కడికి చేరిన కథ మన ఊళ్లోనే మొదలైంది. 18వ శతాబ్దం చివర చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి మకాం మార్చి కొత్త పట్నం కట్టబూనాడు. ఊరి పక్కనే దీపాలదిన్నె. తవ్వితే పాలరాయిలాంటి తెల్లటి పలకలు బయటపడ్డాయి. నిజానికి అది పల్నాటి సున్నపురాయి. ఇళ్లకు, మెట్లకు చేతికందిన సరుకు. ఆ రోజుల్లో దాన్ని బౌద్ధ స్తూపమని గుర్తుపట్టినవాళ్లు లేరు కాబట్టి జమీందారును ఇప్పుడు బోనెక్కించడం న్యాయం కాదు. సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో రెండోసారి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. మిగిలినవాటికి ఆయన మనుషులు బొమ్మలు గీశారు. కొన్ని పలకలు ఇప్పుడు లేవు, ఆ బొమ్మలే దిక్కు.

1845లో వాల్టర్ ఇలియట్ మళ్లీ తవ్వించి రాళ్లను మద్రాసుకు పంపాడు. అక్కడవి ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిశాయి. 1859లో 121 శిల్పాలను ఓడెక్కించి లండన్ పంపారు. అక్కడా వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ వాటిని ఒక బండ్లశాలలో చూసి ఉలిక్కిపడ్డాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటిలో చాలా భాగం ఎగ్మూరుకు వచ్చింది.

ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలున్న గదిలో ఒక్క శిల్పం ముందే నిలబడే తీరిక ఉంటే నలగిరి ఏనుగు పతకం ముందు నిలబడండి. దేవదత్తుడి కుట్రతో మదపుటేనుగును రాజగృహ వీధిలోకి వదిలారు. ఒక పక్క అది మనుషుల్ని తొండంతో చుట్టి విసురుతోంది. జనం చెల్లాచెదురవుతున్నారు, పై కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగిచూస్తున్నారు. మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ముందు జరిగిందీ, తర్వాత జరిగిందీ ఒకే గుండ్రంలో! సినిమా తీసేవాళ్లు చూడాల్సిన రాయి అది.

దాని తర్వాత స్తూపాన్నే చెక్కిన పలకలు వెతకండి. అండం, ప్రాకారం, నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు కనిపిస్తాయి. బుద్ధుడి జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, తొలి ఉపదేశం, నిర్యాణం ఆ అయిదింటికీ గుర్తులంటారు. అమరావతిలో ఇప్పుడు మిగిలింది పునాది గుండ్రమే. పైకట్టడం ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం ఈ చెక్కడాలే.

గైడ్లు సాధారణంగా చూపించనిది గోడ. 1880లలో మ్యూజియం అధికారి జార్జ్ బిడీ ఈ పలకల్ని సిమెంటుతో గోడల్లోకి పొదిగించాడు. పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్ వద్దన్నా వినలేదు. సిమెంటులోని లవణాలు, గోడ చెమ్మ సున్నపురాయికి చేటు. ఊడదీద్దామంటే పలక పగులుతుందని భయం. దొరలు తీసుకుపోబట్టే దక్కాయి అనేవాళ్లకు ఈ గోడ చూపిస్తే చాలు. అలాగని మనవాళ్లే కాపాడేవాళ్లనీ చెప్పలేం, దిబ్బలో చెరువు తవ్వింది మనమే కదా.

రాళ్లు తిరిగి రావాలన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. లండన్ సంగతి ఎలా ఉన్నా, చెన్నైలో ఉన్నవాటిని చూడటానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. చరిత్ర మాస్టార్లకు ఒక్కటే మనవి: విహారయాత్రలో ఒక పూట ఎగ్మూరుకు కేటాయించండి. పిల్లల్ని ముందు అమరావతి పునాది దగ్గరికీ, తర్వాత ఇక్కడికీ తీసుకెళ్లండి. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, మ్యూజియానికి సెలవు.