రెండు తలల ఆవుల ఊరు

ఫాలౌట్ ఆటలో షేడీ శాండ్స్ అనే ఊరికి మొదటిసారి వెళ్ళినప్పుడు నా చేతిలో తుపాకీ ఉంది. దాన్ని లోపల పెట్టమన్నారు. మన ఇళ్ళల్లో చెప్పులు బయట విడిచి రమ్మంటారు కదా, అలా అనిపించింది నాకు.

ఈ ఆటని ఇంటర్‌ప్లే కంపెనీ 1997లో విడుదల చేసింది. అంతకుముందు 1988లో వాళ్ళే చేసిన వేస్ట్‌ల్యాండ్ కూడా అణుయుద్ధం తర్వాతి కథే. ఫాలౌట్ కథలో 2077లో ఆ యుద్ధం జరుగుతుంది. కొంతమంది భూమి కింద కట్టిన వాల్టుల్లో దాక్కుని బతుకుతారు. 2161లో 13వ వాల్టులో నీళ్ళు శుభ్రం చేసే చిప్ పాడైపోతుంది. కొత్తది వెతికి తెమ్మని మనల్ని బయటికి పంపిస్తారు. గడువు 150 రోజులు.

ఈ ఆటలో ఇష్టమైన చోటు ఏది అంటే చాలామంది ద గ్లో పేరు చెబుతారు. రేడియేషన్ మందు వేసుకోకుండా అందులోకి దిగితే చావే. అదీ బాగుంటుంది. కానీ నాకు షేడీ శాండ్సే ఇష్టం. మట్టి గోడలు, ఒక బావి, మొక్కజొన్న చేను, అంతే. 15వ వాల్టు నుంచి బయటికి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు అది. ఊరి పెద్ద పేరు ఆరాదేశ్. పెద్ద పెద్ద తేళ్ళు వచ్చి ఊరిని పీడిస్తుంటాయి. (తేలుకి బహువచనం తేళ్ళు. నేను చాలాకాలం "తేలులు" అన్నాను.) తేళ్ళని చంపితే ఊరివాళ్ళు మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఇంకో చిన్న పని నచ్చింది. మన పాత్రకి సైన్స్ బాగా వస్తే, అక్కడి రైతుకి పంట మార్పిడి గురించి చెప్పొచ్చు. లోకం కాలిపోయిన ఆటలో ఒక రైతు నిలబడి మన మాట వింటాడు!

ఆ ఊళ్ళో రెండు తలల ఆవులుంటాయి. ఆటలో వాటి పేరు బ్రామిన్. అమెరికాలో నిజంగానే బ్రాహ్మన్ అనే ఆవుల జాతి ఉంది. రెండు పేర్లూ దాదాపు ఒకటే. ఆ జాతి మన దేశం పశువుల నుంచి వచ్చింది. 1854లో బ్రిటిష్ ప్రభుత్వం లూసియానాలోని ఒక రైతుకి రెండు భారతీయ ఎద్దులని ఇచ్చింది. తర్వాత ఇంకొన్ని వచ్చాయి, కొన్ని బ్రెజిల్ మీదుగా. గిర్, గుజరాత్, కృష్ణా లోయ, నెలోర్ రకాలని కలిపి ఈ జాతిని తయారుచేశారు. 1924లో దానికి ఒక సంఘం కూడా పెట్టారు. నెలోర్ అంటే మన ఒంగోలు పశువులే. బ్రెజిల్‌లో వాటిని నెల్లూరు పేరుతో పిలుస్తారు, ఆ రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది.

ఇది చదివిన రోజు అమ్మమ్మకి ఫోన్ చేశాను. వాళ్ళది ఒంగోలు దగ్గరే. మూపురం, గంగడోలు అనే మాటలు ఆవిడే నేర్పింది. మూపురం అంటే ఎద్దు వీపు మీద ఎత్తు, గంగడోలు అంటే మెడ కింద వేలాడే తోలు. రెండు తలల సంగతి చెప్తే, "అయితే మేత ఎంత తింటుందే?" అంది.

1998లో ఫాలౌట్ 2 వచ్చింది. కథలో 80 ఏళ్ళు గడిచాయి. ఆ చిన్న ఊరు న్యూ కాలిఫోర్నియా రిపబ్లిక్‌కి రాజధాని అయింది. మొదటి ఆటలో దొంగలు ఎత్తుకుపోయిన ఆరాదేశ్ కూతురు టాండీ ఇప్పుడు ముసలావిడ, ఆ దేశానికి అధ్యక్షురాలు. ఆ అమ్మాయిని విడిపించింది నేనే కదా అని గర్వపడ్డాను.

2024లో వచ్చిన టీవీ సీరియల్లో షేడీ శాండ్స్ ఉండాల్సిన చోట పెద్ద గొయ్యి చూపించారు. బాంబు వేశారట. టీవీ ఆపేసి పాత ఆట మళ్ళీ పెట్టాను. రైతు చేలోనే ఉన్నాడు. పంట మార్పిడి గురించి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.