బందరు రేవుకు మా దారి

పెద్ద ఓడ బందరు (మచిలీపట్నం) ఒడ్డు దాకా వచ్చేది కాదు. అక్కడ సముద్రం లోతు తక్కువ, అడుగంతా బురద. ఓడలు కొన్ని మైళ్ల దూరంలో లంగరు వేసుకుని నిలబడితే, సరుకును చిన్న పడవల్లో వాటి దగ్గరికి చేరవేసేవాళ్లు. ఆ పడవల పలకలకు మేకులుండవు. కొబ్బరిపీచు తాళ్లతో కుట్టేవాళ్లు, అల వచ్చి కొట్టినా పలక విరక్కుండా కాస్త సాగేందుకు. ఇంత తిప్పలు పెట్టే రేవు కోసం పారశీకులు, డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు, ఫ్రెంచివాళ్లు ఎందుకు కొట్లాడుకున్నారు? సముద్రాన్ని చూసి కాదు, దాని వెనకున్న నేలను చూసి. ఆ నేలలో మా ఓరుగల్లు సీమ కూడా ఉంది. బందరు చరిత్ర కృష్ణా జిల్లా వాళ్లదే అనుకుంటే సగమే తెలిసినట్టు.

నా బట్టల దుకాణం వర్ధన్నపేటలో, వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీదనే ఉంటుంది. పుట్టిల్లు వరంగల్ కొత్తవాడ. మా బాపు జంపఖానాలు నేసేవాడు. బట్ట ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పోయింది అనేది నాకు ఊరికే పోని ఆలోచన. మొన్న మాఘమాసంలో తమ్ముడు, మరదలు, నేను వరంగల్‌లో రైలెక్కి బెజవాడలో దిగి, అక్కడి నుంచి బస్సులో బందరు చేరాం. శని, ఆదివారాలు రెండూ అక్కడే.

ఓరుగల్లుకు సముద్రం కొత్త కాదు. కాకతీయులంటే మా దిక్కు చెరువులు, తోరణాలు, వేయిస్తంభాల గుడి చెబుతారు. మోటుపల్లి పేరెత్తేవాళ్లు తక్కువ. ఇప్పుడది బాపట్ల జిల్లాలో చిన్న ఊరు. గణపతిదేవుడి కాలంలో మన రాజ్యానికి పెద్ద రేవు. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా తమదేనని లాక్కోవడం అంతకుముందటి రాజులకు అలవాటు. దూరదేశాల నుంచి ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుడికి ఇక సుంకం తప్ప మరే భయమూ అక్కర్లేదని 1244–45లో గణపతిదేవుడు శాసనం వేయించాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. అభయశాసనం అంటారు. మోటుపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గర ఆ రాతిస్తంభం ఉంది. మంచిగంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టు, మిరియాలు, వేటి మీద ఎంత పుచ్చుకోవాలో వరసగా రాసి ఉంది. నేను దుకాణం నడిపేదాన్ని. పన్ను ఎంతో ముందే తెలిస్తే వ్యాపారి ఎంత నిమ్మళంగా సరుకు తెస్తాడో నాకు తెలుసు. ఆ రాజుకూ అది తెలిసింది. మార్కో పోలో 13వ శతాబ్దం చివర మోటుపల్లి రేవు గురించి రాసినప్పుడు ఈ రాజ్యాన్ని ఏలిన రాణి రుద్రమ్మను మెచ్చుకున్నాడు, వజ్రాల గురించి చెప్పాడు, ఇక్కడి సన్నబట్ట సాలెగూడంత పలచన అన్నాడు. ఆ బట్ట ఏ ఊరి మగ్గం మీద దిగిందో ఆయన రాయలేదు. మా పద్మశాలీల ఇండ్లలో పుట్టినదాన్ని కనక అక్కడే ఆగిపోతుంది నా మనసు.

మోటుపల్లి మాసిపోయాక, గోల్కొండ ఏలుబడిలో బందరు లేచింది. ఇప్పుడు పుణె నుంచి హైదరాబాదు, విజయవాడ మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలోనే ఆగుతుంది. గోల్కొండ నుంచి రేవుకు ఎడ్లబండ్లు, పెరికెడ్లు నడిచిన కాలానికి ఇది కొనసాగింపే. డచ్చివాళ్లు 1605లో వచ్చారు. ఇంగ్లిషు కంపెనీ ఓడ 'గ్లోబ్' 1611లో వచ్చింది. ఫ్రెంచివాళ్లు 1669లో వర్తక కోఠీ పెట్టారు. ఇంగ్లిషువాళ్లకు అబ్దుల్లా కుతుబ్ షా 1630ల్లో ఇచ్చిన పత్రాన్ని బంగారు ఫర్మానా అనేవాళ్లు. 1639లో ఆ సుల్తాను స్వయంగా పరివారంతో బందరు చూడటానికి వచ్చాడు. వజ్రాల వ్యాపారి తావెర్నియే 1652లో పారశీకం నుంచి గోల్కొండ రాజుగారి ఓడలోనే వచ్చి ఇక్కడ దిగాడు.

వీళ్లంతా బందరులో కొన్నది ముందు బట్ట, తర్వాతే మిగిలినవి. డచ్చివాళ్లకు కావలసింది జాజికాయ, లవంగం. అవి తూర్పు దీవుల్లో దొరుకుతాయి. ఆ దీవుల జనం వెండినాణేలు చూపిస్తే అంతగా లెక్కచేసేవాళ్లు కాదు, తెలుగుదేశపు అద్దకం బట్ట ఇస్తే సుగంధద్రవ్యం ఇచ్చేవాళ్లు. అందుకే ముందు బందరులో బట్ట కొని, దాన్ని జావా వైపు తీసుకుపోయి, అక్కడ మార్చుకుని, ఆ సరుకును ఐరోపాలో అమ్మేవాళ్లు. లాభమంతా మనవాళ్ల మగ్గం మీద, అద్దకం బల్ల మీద మొదలైంది. తర్వాత ఐరోపా ఇండ్లల్లోనే ఆ పూలబట్టకు గిరాకీ పుట్టింది. అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెడితే ఫ్రాన్సు 1686లో ఆ బట్టను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. దేశాలు చట్టాలు చేసి ఆపవలసినంత మంచిబట్ట మనది. ఆ మాట రాస్తున్నప్పుడు నాకు గర్వంగానే ఉంది.

ఇక మా దారి సంగతి. మా దుకాణం ముందు రోడ్డు తొర్రూరు, మరిపెడ మీదుగా ఖమ్మం చేరుతుంది. ఖమ్మం దాటి కొంచెం పోతే నాగులవంచ. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు అక్కడ కోఠీ పెట్టారు, నీలిమందు కోసం, బట్ట కోసం. డేనియల్ హవార్ట్ అనే డచ్చి ఉద్యోగి ఈ తీరపు కోఠీల గురించి రాసిన పుస్తకం 1693లో అచ్చయింది. దానివల్లే ఆ కాలపు చాలా సంగతులు మిగిలాయి. సముద్రానికి అంత దూరాన, మన చెలకల నడుమ పరదేశి కంపెనీ గుమాస్తాలు కూర్చుని లెక్కలు రాశారంటే, బందరు చెయ్యి ఎంత లోపలికి చాచి ఉందో చూడండి. నిజామాబాదు జిల్లా కోనసముద్రం కొలిమి ఉక్కు పారశీక వర్తకుల చేతుల్లోకి పోయింది. కొల్లూరు వజ్రాలు సరేసరి. గోల్కొండ చివరి సుల్తాను తానీషా దగ్గర మంత్రాంగం నడిపిన అక్కన్న, మాదన్నలు హనుమకొండ వాళ్లే. ఆ సుల్తాను బందరు దారిలో కూచిపూడి వాళ్ల ఆట చూసి మెచ్చి, ఆ ఊరినే వాళ్లకు అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు.

ఆ అద్దకం చేసే పెడన బందరుకు తొమ్మిది, పది కిలోమీటర్లు. ఆదివారం అద్దకం షెడ్లలో పని ఉండదేమోనని శనివారమే పోయాం. ఒక పెద్దాయన బల్ల దగ్గర నిలబడి పని చేస్తున్నారు. బల్ల మీద గోనెసంచుల మడతలు, వాటి మీద కరక్కాయ, గేదెపాలల్లో ముంచి ఆరబెట్టిన లేత పసుపు బట్ట. చేతిలో టేకు అచ్చు. అచ్చును రంగు గిన్నెలో అద్ది, బట్ట మీద ఆనించి, వెనక అరచేతి మడమతో రెండు దెబ్బలు. తీసి, పక్కన ఆనించి, మళ్లీ రెండు దెబ్బలు. కొలబద్ద లేదు, గీత లేదు. తీగ తీగలో కలుస్తూ పోతోంది.

నల్లరంగు కుండ దగ్గర పుల్లటి వాసన. తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీరు కరక్కాయ పట్టించిన బట్టకు తగలగానే నలుపు దిగుతుంది. ఎరుపు సంగతి వేరు. దానికి అద్దేది పటిక.

“అక్కా, ఎర్రది ఏది? ఏం కనవడ్తలేదు కదా,” అన్నాడు తమ్ముడు.

“ఇప్పుడు కనపడదండీ,” అన్నారు పెద్దాయన. “కాలవలో జాడించి, ఎండబెట్టి, రాగి కాగులో వేర్లూ ఆకులూ వేసి ఉడకబెడితే అప్పుడు పటిక తగిలిన చోటల్లా ఎరుపు ఎక్కుద్ది. మిగతా చోట నిలవదు. మీది ఏ ఊరండీ?”

“వరంగల్ పక్కన వర్ధన్నపేట.”

“అయితే రుద్రమ్మగారి సీమ,” అని నవ్వారు.

కనపడని పటికతో పువ్వు గీసి, రేపు కాగులో అది ఏ రంగు తిరుగుతుందో ఇవ్వాళ్టి చెయ్యికి తెలిసి ఉండటం, ఇదీ ఆ విద్య. పాతరోజుల్లో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. కృష్ణ పల్లపు భూముల చిరివేరుకు సాటి లేదని ఇంగ్లిషు కంపెనీ వాళ్లే రాసుకున్నారు. ఏటి నీటిలో ఉండే సున్నం, ఇసుక నేలలో పెరిగిన వేరు, తరాలుగా చేతికెక్కిన కొలత, ఈ మూడూ ఒక్కచోట కుదిరాయి కాబట్టే బందరు అద్దకం ఉతికేకొద్దీ తేలింది, వెలిసిపోలేదు. ఇప్పుడు వేరుకు బదులు చాలాచోట్ల అలిజరిన్ అనే కొనే రంగు వాడుతున్నారు. పారశీకుల కోసం గీసిన సరుగుడు లాంటి నిటారు చెట్లు, నెమళ్లు, గుమ్మటాల అంచులు ఈనాటికీ ఆ అచ్చుల్లో ఉన్నాయి. ఒక అచ్చు చేతిలోకి తీసుకుని చూశాను. ఆకు ఈనెల మధ్య సందు గోరు కొన కూడా పట్టనంత సన్నం. గాలి పోవడానికి వెనక నుంచి చిన్న రంధ్రాలు తొలిచి ఉన్నాయి, రంగు బుడగ కట్టకుండా.

ఆదివారం ఊరు తిరిగాం. డచ్చి సమాధుల దగ్గర ఎక్కువసేపు ఉన్నాం. నల్లరాతి పలకల మీద వంశచిహ్నాలు, ఉబ్బెత్తు అక్షరాలు. మూడు వందల ఏళ్ల వానకు కూడా అంచులు అరగలేదు. ఆ చెక్కడం మనవాళ్ల ఉలిదేనని నా నమ్మకం. తెలియని లిపిని చూసి ఒక్క గీత తప్పకుండా దించడం రాయి పనివాడికే సాధ్యం. బందరు కోటలో మిగిలింది కొద్దే. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రివేళ దాడి చేసి ఫ్రెంచివాళ్ల నుంచి దీన్ని పట్టుకున్నాడు. దాంతో ఉత్తర సర్కారుల తలుపు ఇంగ్లిషువాళ్లకు తెరుచుకుంది. జాతీయ కళాశాల 1910 నాటిది, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యల శ్రమ. ఆంధ్రా బ్యాంకు 1923లో ఈ ఊళ్లోనే పుట్టింది. బందరు లడ్డూ కొన్నాం, అది చెప్పక్కర్లేదు.

కోట దగ్గర నిలబడితే 1864 గుర్తుకు రాకమానదు. ఆ ఏడు నవంబరు 1 రాత్రి తుఫాను వెంట సముద్రం ఊరి మీదికి వచ్చింది. సుమారు 30,000 మంది పోయారు. ఊరు మళ్లీ లేచింది కాని రేవు మునుపటి రేవు కాలేదు. అప్పటికే మాంచెస్టరు మిల్లుబట్ట ఇక్కడి అద్దకాన్ని తిని ఉంది, వ్యాపారం మద్రాసుకు తరలిపోయింది, పూడిక పెరిగింది. దెబ్బ మీద దెబ్బ. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను చిన్నపిల్లను. కొత్తవాడలో ఇల్లిల్లూ తిరిగి బియ్యం, బట్టలు పోగుచేశారు. మా బాపు మగ్గం మీది నుంచి అప్పుడే కోసిన జంపఖానా రెండు ముక్కలు చేసి ఇచ్చాడు. మంగినపూడి ఒడ్డున నల్ల బురద ఇసుకలో కాళ్లు పెట్టినప్పుడు, నీళ్లు మోకాళ్లు దాటకుండా ఎంతో దూరం పోతుంటే, లేచిన కెరటానికి ఈ పల్లపు నేల మీద అడ్డేమీ లేదని మరదలికి చూపించాను.

ఇప్పుడు బందరులో కొత్త రేవు కడుతున్నారు. 2023 మేలో పనులకు శంకుస్థాపన జరిగింది. హైదరాబాదు వైపు నుంచి ఆ రేవుకు కొత్త రహదారి కావాలని తెలంగాణ ప్రభుత్వం అడుగుతోంది. అడగాలి కూడా. సముద్రం లేని మనకు ఎన్నో వందల ఏళ్లుగా దగ్గరి గుమ్మం అదే. అయితే కంటైనర్ల లెక్క ఒక్కటే చూడకుండా, ఆ దారిని నిలబెట్టిన చేతుల లెక్క కూడా చూడాలని నా కోరిక. బందరు అద్దకానికి, అంటే కలంకారీకి, భౌగోళిక గుర్తింపు 2008లో వచ్చింది, వరంగల్ జంపఖానాకు 2018లో. కాగితం రెండింటికీ ఉంది. కాని కలంకారీ పేరుతో బజారులో దొరికే బట్టలో చాలా మటుకు స్క్రీన్ ప్రింటు. పెడనలో పెద్దాయన పిల్లలు అచ్చు పనిలోకి రాలేదు. కొత్తవాడలో మా బాపు మగ్గం గుంట పూడ్చి చాలా కాలమైంది.

కొనేవాళ్లు గుర్తుపట్టడం కష్టం కాదు. బట్టను వెలుతురులో పరిచి, ఒక అచ్చు ముగిసి ఇంకోటి మొదలైన చోటు వెతకండి. చేతి అచ్చయితే ఎక్కడో ఒక దగ్గర గీత వెంట్రుకవాసి జరుగుతుంది, ఒకచోట రంగు చిక్కన, ఒకచోట పలచన. వెనక తిప్పితే నలుపు, ఎరుపు అవతలికి దిగి ఉంటాయి. స్క్రీన్ ప్రింటులో అన్నీ ఒక్కతీరుగా ఉంటాయి, వెనకవైపు వెలవెలబోతుంది. నా దుకాణంలో ఈ రెండింటినీ వేరే అరల్లో పెట్టి, దేని పేరు దానికే రాశాను. అచ్చు బట్ట ధర ఎక్కువ. ఎందుకెక్కువో అడిగినవాళ్లకు పటిక సంగతి చెబుతున్నాను. మా దిక్కు నుంచి బందరు పోయేవాళ్లు శనివారం పొద్దున్నే పెడన చేరుకోండి, కాగు పొయ్యి మీదున్నప్పుడు చూడాలి.