దొరకలేదు, జరగలేదు

ఊరి చరిత్ర వెతికి రమ్మని విద్యార్థినులకు చెప్పడం తేలిక. ఏ పేరుతో, ఏ భాషలో వెతకాలో నేర్పడమే కష్టం. ఈ పాఠానికి నేను నాగల్‌గిద్దను తీసుకుంటాను. ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దు మండలం. మండలమైంది 2016లో. అంతకు ముందు మెదక్ జిల్లా. 1956 వరకు నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1948 సంగతుల కోసం మెదక్ చరిత్ర తిరగేసిన అమ్మాయి, మా వైపు ఏమీ జరగలేదని రాసుకొస్తుంది. వెతకవలసింది బీదర్ పేరుతో. పాత ప్రభుత్వ కాగితాలైతే చాలావరకు ఉర్దూలో.

అలా వెతికితే సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఎదురవుతుంది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ తదితరులు 16 జిల్లాల్లో 9 తిరిగారు. 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ఎక్కువగా దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటన్నారు. అత్యాచారాలు, స్త్రీల అపహరణలు జరిగాయనీ రాశారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు.

దాచారు కాబట్టి అందులోదంతా నిజమేనని పిల్లలు చప్పున అనేస్తారు. అక్కడే ఆగి చూడాలి. ఎవరు పంపారు? ఎవరు రాశారు? ఎవరిని అడిగారు? అంచనాను లెక్కగా చదవకూడదు. జిల్లాకు చెప్పినదాన్ని నాగల్‌గిద్దకు అంటగట్టకూడదు. అంతకు ముందు రజాకార్లు చేసిన హింసనూ, తర్వాత ముస్లింలపై జరిగిన హింసనూ చెల్లుకు చెల్లు వేయకూడదు. మరొకటుంది. 'అపహరణ' అన్నది నేరం పేరు. ఆ స్త్రీ తర్వాత ఎవరింట్లో, ఏ పేరుతో బతికిందో ఆ మాట చెప్పదు.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనకు ఒక దారి చూపింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వాళ్ల మాటల్లోనే వినిపించింది. అయితే పోరాడానని చెప్పుకోవడానికి ఎంతో కొంత గౌరవం ఉంది. నన్నెత్తుకుపోయారని చెప్పుకోవడానికి ఏ ఇంట్లో చోటుంది? విభజన నాటి స్త్రీల గురించి ఊర్వశీ బుటాలియా, రీతూ మీనన్, కమలా భసీన్ 1998లో తెచ్చిన పుస్తకాల్లోనూ ఎదురయ్యే ప్రశ్న ఇదే.

1948ని కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఎనభైకి చేరువైనవాళ్లో, దాటినవాళ్లో. మనకు దొరికేది ఎక్కువగా కూతుళ్ల, మనవరాళ్ల జ్ఞాపకం. అందుకే చూసింది వేరుగా, విన్నది వేరుగా రాయమంటాను. ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచమంటాను. "అవన్నీ ఇప్పుడెందుకు బిడ్డా" అంటే ఫోను రికార్డింగు ఆపి, ఆ జవాబును మాత్రం తేదీ వేసి రాసుకోమంటాను. అంతా అయ్యాక కాగితం ఖాళీగానే మిగిలితే, దాని మీద 'దొరకలేదు' అని రాయాలి, 'జరగలేదు' అని రాసే హక్కు మనకు లేదు.